ప్రయాణికుల బెడద తీరిన స్టేషన్

రైల్వే స్టేషన్లకు అసలు శత్రువులు ప్రయాణికులేనని నాకు ఎప్పటినుంచో అనుమానం. వాళ్లే లేకపోతే ప్లాట్‌ఫారం అద్దంలా ఉంటుంది. టిక్కెట్టు కౌంటర్లో చిల్లర గొడవ ఉండదు. బండి లేటని స్టేషన్ మాస్టారి గది ముందు గుంపు చేరదు. రుజువు లేకుండా ఇలాంటి మాట పైకంటే జనం కొడతారని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. లండన్‌లోని ఆల్డ్‌విచ్ స్టేషన్ చరిత్ర తెలిశాక ఇక ఆగలేకపోతున్నాను.

ఆ స్టేషన్ జాతకంలోనే ఈ యోగం ఉంది. ఒక కంపెనీ ఉత్తరాన వుడ్‌గ్రీన్ నుంచి స్ట్రాండ్ వీధి దాకా భూగర్భ రైలు వేస్తానంది. ఇంకో కంపెనీ పడమటి నుంచి పికడిల్లీ సర్కస్ దాకా వేస్తానంది. ఈ లోపు చార్లెస్ యర్కీస్ అనే అమెరికా ఆసామి దిగాడు. ఫిలడెల్ఫియాలో జైలుకు వెళ్లొచ్చి, షికాగోలో ట్రాములు నడిపి, రవాణా రంగంలో సంపూర్ణ అనుభవం గడించినవాడు. రెండు పథకాలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చి అతికించాడు. అతికించాక చూస్తే అసలు లైను హోబర్న్ అనే స్టేషన్ దగ్గర పడమటికి తిరిగిపోయింది. స్ట్రాండ్ వైపు అర కిలోమీటరు పైచిలుకు ముక్క ఎటూ అతకకుండా మిగిలింది. చొక్కా కుట్టగా మిగిలిన పీలికను దర్జీ పారేస్తాడు. రైల్వేవాళ్లు పారేయలేదు, దానికో బొత్తాం కుట్టారు. ఆ బొత్తామే మన స్టేషన్. తెరిచింది 1907 నవంబర్ 30న. యర్కీస్ 1905లోనే పోయాడు కాబట్టి అడగడానికి మనిషి లేడు.

కట్టిన చోటు కూడా ఆలోచించి ఎంచుకున్నదే. అక్కడ రాయల్ స్ట్రాండ్ థియేటర్ ఉండేది. దాన్ని పడగొట్టి స్టేషన్ కట్టారు. కట్టాక, నాటకాలు చూసి ఇళ్లకు వెళ్లేవాళ్ల కోసం రాత్రిపూట ఉత్తరం వైపు ప్రత్యేక రైలు వేశారు. ఏడాది తిరక్కుండానే దాన్ని తీసేశారు. నాటకాలు చూసేవాళ్లకు ఉన్న థియేటర్ పోయింది, వచ్చిన రైలూ పోయింది. సమన్యాయం అంటే ఇదే.

ముఖద్వారం మాత్రం లెస్లీ గ్రీన్ అనే వాస్తుశిల్పి గీసిచ్చిన మెరుపు పెంకులది. ఇంగ్లీషువాళ్లు ఎద్దు నెత్తురు రంగంటారు. మనవాళ్లు చూస్తే తాంబూలం వేసుకున్న నోరంటారు. లోపల లిఫ్టుల కోసం మూడు పెద్ద బావులు తవ్వారు. లిఫ్టులు పెట్టింది ఒక్క బావిలోనే. మిగతా రెండూ తవ్వినందుకు గుర్తుగా ఉండిపోయాయి. కింద కొన్ని దారులకు పెంకులు అతికించి, జనం రారని తేలాక కొన్నిటిని మధ్యలోనే వదిలేశారు. ఇల్లు కడుతూ డబ్బయిపోతే మేడమీది గదికి సున్నం వేయకుండా వదిలేయడం మన ఊళ్లకే పరిమితమని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

ఇక స్టేషన్ ఒక్కో మెట్టూ ఎక్కడం మొదలుపెట్టింది. 1914లో ఉన్న రెండు ప్లాట్‌ఫారాల్లో ఒకటి మూసేశారు. 1915లో పేరు మార్చారు. అదొక ముచ్చట. పుట్టినప్పుడు దీని పేరు స్ట్రాండ్. ఆ పేరు లాక్కుని చేరింగ్ క్రాస్ దగ్గరి వేరే స్టేషన్‌కి ఇచ్చి, దీనికి ఆల్డ్‌విచ్ అని పెట్టారు. జనం రాని స్టేషన్‌కి మంచి పేరెందుకు, దండగ. 1917 నుంచి ఆదివారం సెలవు. 1922లో టిక్కెట్టు కౌంటర్ ఎత్తేసి ఆ పని లిఫ్టు నడిపేవాడికే అప్పగించారు. కాస్త ఊహించుకోండి. చెక్క పలకల లిఫ్టులో మీరెక్కుతారు. లోపల ఒక మూల బడ్డీకొట్టంత గూడు. ఆయనే చిల్లర తీసుకుంటాడు, ఆయనే టిక్కెట్టు చింపిస్తాడు, ఆయనే తలుపు లాగుతాడు. కిందికి దిగాక మీరొక్కరే. రైలు వస్తుంది, ఎక్కుతారు, సీటు వెచ్చబడేలోగా హోబర్న్. దిగి మళ్లీ ఇంకో రైలు పట్టుకోవాలి. నడిచి వెళ్లినవాడు అప్పటికే అక్కడ సిగరెట్ ముట్టించి ఉంటాడు.

ప్రయాణికులు ఇలా తగ్గుతున్నకొద్దీ స్టేషన్‌కి గొప్పవాళ్ల రాకపోకలు పెరగడం మీరు గమనించాలి. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ మూసేసిన ప్లాట్‌ఫారం దగ్గరికి నేషనల్ గ్యాలరీ నుంచి సుమారు 300 చిత్రపటాలు వచ్చి తలదాచుకున్నాయి. రెండో యుద్ధంలో, 1940 సెప్టెంబర్‌లో, రైళ్లు పూర్తిగా ఆపేసి బాంబుల నుంచి కాపాడుకోవడానికి జనాన్ని అక్కడ పడుకోనిచ్చారు. ప్రయాణికుడిగా ఎన్నడూ రానివాడు పక్కబట్టలతో సహా వచ్చాడు. ఏథెన్స్ గుడి నుంచి ఎల్గిన్ ప్రభువు పట్టుకొచ్చిన పాలరాతి శిల్పాలు, అంటే ఎల్గిన్ మార్బుల్స్, కూడా బ్రిటిష్ మ్యూజియం నుంచి ఆ సొరంగంలోకే దిగాయి. ఇంకొకరి గుడి నుంచి తెచ్చుకున్న రాళ్లను మరెవరో పాడుచేస్తారేమోనని పాతాళంలో పెట్టి కాపాడటం, ఎంతైనా, బాధ్యత తెలిసినవాళ్లు చేసే పని.

మాటవరసకు చెబుతున్నాను, మన అమరావతి స్తూపం శిల్పాలు కూడా ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. 1845లో వాల్టర్ ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించాడు కాబట్టి వాటికి ఎలియట్ మార్బుల్స్ అనే పేరు కూడా వచ్చింది. అది పల్నాటి సున్నపురాయి, పాలరాయి కాదు. అయినా చెక్కినవాడి పేరు గానీ రాయి పేరు గానీ అడగకుండా, పట్టుకెళ్లినవాడి పేరు పెట్టడం అక్కడి సంప్రదాయం. ఒక స్టేషన్ పేరు పీకి ఇంకో స్టేషన్‌కి తగిలించినవాళ్లకు ఇదో లెక్కా.

1946 జులైలో మళ్లీ రైళ్లు మొదలై స్టేషన్‌కి కష్టాలొచ్చాయి. ఆ తర్వాత కొంత నయం. 1958 నుంచి సోమవారం మొదలు శుక్రవారం దాకా ఆఫీసుల వేళకే రైళ్లు నడిపారు, 1962 నుంచి శనివారం కూడా సెలవిచ్చారు. థేమ్స్ కింద నుంచి వాటర్‌లూ దాకా లైను పొడిగిస్తే నాలుగు చేతుల ఆదాయమని ఎవరికో తట్టింది. 1965లో పార్లమెంటు సరేనంది. డబ్బు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. శంకుస్థాపన రాయి దాకా కూడా వెళ్లకపోవడం చూస్తే, ఈ ఒక్క విషయంలో వాళ్లు మనకంటే వెనకబడి ఉన్నారని ఒప్పుకోక తప్పదు.

చివరికి లిఫ్టులు ముసలివైపోయాయి. 1907 నాటివి, మార్చాలంటే 30 లక్షల పౌండ్లు. రోజుకు వచ్చేది 450 మంది, ఏటా నష్టం లక్షా యాభై వేల పౌండ్లు. 1994 సెప్టెంబర్ 30న మూసేశారు. ఎనభై ఏడేళ్లపాటు రైళ్ల మధ్య నలిగిన స్టేషన్‌కి ఆ రోజుతో విముక్తి.

ఆ తర్వాత దాని దశ తిరిగింది. సొరంగంలో 1972 మోడల్ రైలొకటి షూటింగుల కోసమే ఉంచారు. యుద్ధకాలపు సినిమాకైనా, దయ్యాల సినిమాకైనా, పాటల వీడియోకైనా లండన్‌లో భూగర్భ రైలు చూపించాలంటే ఇక్కడికే. 450 మంది డబ్బిచ్చి ఎక్కితే నష్టం వచ్చిన స్టేషన్, డబ్బు పుచ్చుకుని ఎక్కే జూనియర్ ఆర్టిస్టులతో సంపాదిస్తోంది. (పడగొట్టిన థియేటర్ నటి ఒకామె దయ్యమై పట్టాల మీద తిరుగుతుందని కూడా చెబుతారు. పాపం, ఆమె టిక్కెట్టు గురించి ఏ లెక్కలోనూ లేదు.) 2011లో వారసత్వ కట్టడంగా రక్షణ కూడా వచ్చింది. లండన్ రవాణా మ్యూజియం వాళ్లు గైడుని ఇచ్చి జనాన్ని మెట్ల మీదుగా కిందికి దింపుతారు. రైలు టిక్కెట్టుకు ఎన్నో రెట్లు పెట్టి, ముందే బుక్ చేసుకుని మరీ వస్తారు. దిగి, ఆగి ఉన్న రైలు చూసి, ఫొటో తీసుకుని, వచ్చిన దారినే వెళ్లిపోతారు. ప్లాట్‌ఫారం టిక్కెట్టు పది రూపాయలా అని మన దగ్గర గొంతు చించుకునేవాళ్లు ఒకసారి వెళ్లి రావాలి.

నేను వెళ్లింది మాత్రం టూరుకు కాదు. దగ్గర్లోనే మన హైకమిషన్ ఉండే ఇండియా హౌస్ ఉంది, అక్కడేదో కాగితం పని. పని కాకపోవడంతో బోలెడు తీరిక దొరికి, ఆ ఎర్ర పెంకుల ముందు నిలబడ్డాను. పైన ఇప్పటికీ 'స్ట్రాండ్ స్టేషన్' అనే ఉంది. లాక్కున్న పేరును గోడ మాత్రం తిరిగివ్వలేదు. ఇంతలో పక్కనున్న కింగ్స్ కాలేజీ వైపు నుంచి ఇద్దరు పిల్లలు పెద్ద సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చారు. దాని చక్రం ఒకటి ఊడిపోయి, రాళ్ల మీద గీరుకుంటోంది. ఆ అబ్బాయి తెలుగులో తిడుతున్నాడు, దాన్నిబట్టి మనవాళ్లేనని తెలిసింది.

"అంకుల్, ఇక్కడ ట్యూబ్ ఎక్కొచ్చా?" అంది అమ్మాయి.

అంకుల్ అన్నందుకు కొంచెం నొచ్చుకుని, మూసేసి ముప్పై ఏళ్లు దాటిందమ్మా అన్నాను. టెంపుల్ స్టేషన్ ఎటో చూపించాను. అబ్బాయి మాత్రం నన్ను నమ్మలేదు. షట్టర్ సందులో కన్ను పెట్టి చూశాడు.

"లోపల రైలుందంట కదా అంకుల్, ఫోన్లో ఫొటోలున్నాయి. అదెప్పుడు కదులుద్ది?"

"హీరో వచ్చినప్పుడు బాబూ," అన్నాను.