జిగురు గారికి ఒక వినతి

గౌరవనీయులైన జిగురు గారికి, పర్లాకిమిడి నుంచి నమస్కారాలు.

నా ఫోను వెనక మూతను అంచుల వెంట, లోపల బ్యాటరీని వీపు వెంట గట్టిగా పట్టుకుని కూర్చున్నది తమరేనని మా వీధి చివర రిపేరు తమ్ముడు చెప్పాడు. అప్పటిదాకా నా కోపమంతా మధ్యాహ్నానికే చేతులెత్తేసే బ్యాటరీ మీదే. పాపం, దానికి వయసైపోయింది. ఎండకీ వేడికీ లిథియం బ్యాటరీ ఇంకా తొందరగా ముసలిదవుతుంది. దాన్ని తీసి కొత్తది పెడదామంటే అడ్డుపడుతున్నది మాత్రం తమరు.

నీళ్ళు పోకుండా కాపలా కాస్తున్నారని మీ తరఫువాళ్ళు చెబుతారు. మరి 2014లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5 సంగతేమిటి? గోటితో లాగితే మూత ఊడేది, బ్యాటరీ చేతిలోకొచ్చేది. అయినా మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని ఐపీ67 ముద్ర సంపాదించింది. మూత లోపల ఒక రబ్బరు అంచు, అంతే. ఆ రబ్బరు ఉద్యోగం ఊడగొట్టి తమరు ఎవరి సిఫార్సుతో చేరారో!

పాత బ్యాటరీలు పుణ్యాత్ములని నేననను. 2007లో 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీలు వేడెక్కే ప్రమాదం ఉందని నోకియాయే ప్రకటించింది. జనం మూత లాగి, నంబరు చూసి, బ్యాటరీ ఒక్కటీ మార్పించుకున్నారు. 2016లో గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకున్నప్పుడు? ఫోనుకు ఫోనే వెనక్కి పోయింది.

తమరి అసలు ప్రతాపం 2018 అక్టోబరులో, తిత్లీ తుఫానప్పుడు చూశాం. సిగ్నలు తిరిగొచ్చినా కరెంటు రాలేదు. జనరేటరున్న కొట్టు ముందు బల్ల మీద ఫోన్ల కుప్ప, ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డుకి వేలాడుతూ. ఎవరి ఫోను ఎవడు పట్టుకుపోతాడోనని టెన్షన్, అందరం అక్కడే కాపలా. మా పెదనాన్న తన కీప్యాడు ఫోను మూత తీశాడు. బ్యాటరీ ఒక్కటే కొట్టువాడికిచ్చాడు. యూనివర్సల్ చార్జరు ముళ్ళు దానికి సరిగ్గా ఆనాయో లేదో వంగి చూశాడు. జేబులోంచి రెండో బ్యాటరీ తీసి వేసుకుని, పాతపట్నంలో ఉన్న మా అత్తతో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. తిరిగొస్తూ పలకరింపొకటి: “ఏటిరా, ఇంకా ఇక్కడే ఉన్నావా?”

ఐరోపా వాళ్ళు మాత్రం తమరి మీద కన్నేశారు. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకొచ్చే స్మార్ట్‌ఫోన్లలో బ్యాటరీని వాడుకునేవాళ్ళే మార్చుకోగలగాలి. సంబరపడబోతే కింద ఇంకో మెలిక: వెయ్యిసార్లు చార్జింగు చేశాక కూడా 80 శాతం సత్తువ మిగిలి, దుమ్ముకీ నీటికీ ఆగితే, ఆ పని రిపేరు నిపుణులకే వదిలేయొచ్చు. అంటే ఖరీదైన ఫోన్లలో తమరి కుర్చీ పదిలం. మెలిక రాసినవాళ్ళకి తమరంటే కాస్త అభిమానం ఉన్నట్టుంది.

సరే, అసలు సంగతి. రేపు సాయంత్రం ఆ తమ్ముడు హీట్ గన్‌తో మిమ్మల్ని వెచ్చబెట్టి, పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి మూత లేపుతాడు. బ్యాటరీకి చిల్లు పడితే మంటలొస్తాయట. అద్దం పగిలితే తన పూచీ లేదని ముందే చెప్పేశాడు. కాబట్టి మొండికెయ్యకుండా వదిలేయండి. దిగులు కూడా పెట్టుకోకండి, మీ చుట్టం బీ-7000 గమ్ము ట్యూబు వాడి బల్ల మీద సిద్ధంగా ఉంది.

ఇట్లు,
డబ్బు పోసి కొన్న ఫోనుకు మూత తీసే యోగం లేని యజమాని