మేస్త్రి మంచోడే, అడ్వాన్స్ లెక్కే తప్పు

తిరుపతిలో కొర్లగుంట సైడు మా అమ్మ ఉండే ఇల్లు కట్టి ముప్పై ఏళ్ళు దాటింది. మిద్దె కారతా ఉంది, బాత్రూం గోడకి చెమ్మ పట్టేసింది, సరే రెండూ ఒకేసారి చేయించేద్దాం అని మేస్త్రిని మాట్లాడినాం. నెల రోజుల పని అన్నాడు, ఐదో నెల నడస్తా ఉంది. మా ఒక్క ఇంటి సంగతే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. ఎంఆర్ పల్లిలో ఫ్రెండు ఇంట్లో అయినా, చిత్తూరులో మా చిన్నాన్న వాళ్ళింట్లో అయినా ఇదే మాట, "రేపు పొద్దున్నే వచ్చేస్తాన్నా".

మేస్త్రీలంతా మోసగాళ్ళని తిట్టుకుంటారు గానీ నేను ఒప్పుకోను. మా మేస్త్రి పని తెలిసినోడే, రసమట్టం (సమంగా ఉందా లేదా చూసే సాధనం) పెట్టకుండా టైలు అంటించడు. గొడవంతా మనం డబ్బులిచ్చే పద్ధతిలో ఉంది. మొత్తం 2 లక్షల 40 వేలకి మాట్లాడుకుని మొదటి రోజే లక్ష చేతిలో పెట్టేసినాం. పాత టైల్స్ పగలగొట్టి రబ్బిష్ ఎత్తేయడం నాలుగు రోజులు, మహా అంటే 20 వేల పని. మిగతా 80 వేలు ఆయన జేబులో కూడా లేవు, ముందు ఒప్పుకున్న ఇంట్లో ఆగిపోయిన కూలీల బాకీకి పోయినాయి, ఆయనే చెప్పినాడు. ఆ ఇంటోళ్ళ డబ్బు అంతకు ముందు ఇంటికి పోయింటాది. ఇంక మన పని కదలాలంటే ఇంకెవరో కొత్తగా అడ్వాన్స్ ఇయ్యాల, అది వచ్చే దాకా ఫోన్ ఎత్తడు, ఎత్తితే ఏం చెప్పాలో ఆయనకీ తెలీదు.

రెండోది నోటి మాట. "బాత్రూం మొత్తం చేసిస్తా" అంటే ఆయన లెక్కలో ఏడడుగుల దాకా టైల్స్, అంతే. మన లెక్కలో పైపులు మార్చడం, కింద వాటర్ ప్రూఫింగ్, తలుపు ఫ్రేము, అన్నీ. పని మధ్యలోకొచ్చినాక ఇవన్నీ ఎక్స్‌ట్రా అయిపోతాయి, అప్పటికి బాత్రూం లేకుండా పక్కింటికి పోతా ఉంటాం కాబట్టి ఎంతంటే అంత ఇస్తాం.

మిద్దె మీద పిట్టగోడ సిమెంటు పూత సంగతి చెప్పాల. పూత పూసి పోయినారు, మళ్ళీ నీళ్ళు కొట్టేదానికి ఎవరూ రాలేదు. కాంక్రీటుకి కనీసం 7 రోజులు, వేడి పొడి వాతావరణంలో అయితే 10 రోజులకి తక్కువ కాకుండా క్యూరింగ్ చేయాలని, అంటే తడి ఆరకుండా చూడాలని, కాంక్రీటు పనికి దేశమంతా వాడే ప్రమాణం ఐఎస్ 456 లోనే ఉంది, మన ఎండలకి పూత మాత్రం తడి లేకుండా ఎట్ల నిలబడుతుంది. మా అమ్మ, మోకాళ్ళ నొప్పులతో, పొద్దునా సాయంత్రం బకెట్ మోసుకుని మెట్లెక్కి పోసింది. మూడు రోజులు పోసి ఇంక చేతగాక ఆపేసింది. ఇప్పుడు వేలు మడిచి కొడితే రెండు చోట్ల డొల్ల శబ్దం వస్తా ఉంది. ముందే ఒక పేపర్ రాసుకుని దాంట్లో "10 రోజులు నీళ్ళు మేస్త్రి మనిషే కొట్టాల" అని ఒక్క లైను ఉండింటే ఆమె ఆ మెట్లెక్కేది కాదు.

చట్టం ఏం చేస్తుందంటే, 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ చట్టం) ఉండేది బిల్డర్ల అమ్మకాలకి, అమ్మకం లేని రిపేర్లకి అది వర్తించదు. 2019 వినియోగదారుల చట్టం పనికొస్తుంది. ఇంటి నిర్మాణం దాంట్లో సేవ కిందకే వస్తుంది, జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాల. కానీ యాడ తీసుకుపోయినా ముందు అడిగేది కాగితమే, మన దగ్గర ఉండేది ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు.

నేననేది ఒకటే. 2019 నుంచి వార్డు సచివాలయాలు ఉన్నాయి కదా, అక్కడ తెలుగులో ఒక పేజీ ఒప్పంద ఫారం పెట్టండి. ఏ పని, ఏ బ్రాండు, ఏ దశకి ఎంత, ఎక్స్‌ట్రా అయితే ఎవరు సంతకం పెట్టాల. అడ్వాన్స్ పదో వంతు మించకూడదు. మిద్దె పని అయితే ఆఖరి వాయిదా ఒక్క వానైనా పడినాక. మన దగ్గర పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, 2021 నవంబర్ వరద ఎవరూ మర్చిపోలేదు, కారే మిద్దె బయటపడేది అప్పుడే.

మిగిలిన పనికి ఇంకో మేస్త్రిని పిలిచి, ఇట్లాంటి కాగితమే నేను తెల్ల పేపర్ మీద రాసి చూపించినా. కోప్పడతాడేమో అనుకున్నా. రెండు సార్లు చదివించుకుని, "సార్, ఇంకొకటి రాయండి, పొద్దున 9 కల్లా సిమెంటు, ఇసుక రెడీగా లేకపోతే ఆ రోజు మావోళ్ళ కూలి మీరే ఇయ్యాల" అన్నాడు. రాసినా. సంతకం పెట్టి ఫోటో తీసుకుని పోయినాడు, సోమవారం వస్తాడు.