అప్పగింతల నేరం

మా అన్నయ్యగారబ్బాయి లండన్ పక్కన స్లౌలో 11 ఏళ్లుగా ఉంటున్నాడు. పోయిన నెల అక్కడి పౌరసత్వం పుచ్చుకున్నాడు. మూడో చార్లెస్ రాజుగారికీ, ఆయన వారసులకూ విధేయుడినై ఉంటానని ప్రమాణం చేసి, సూటూ బూటూ వేసుకుని ఫొటో దిగి, మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ముగ్గురు అలవాటు కొద్దీ 'హ్యాపీ బర్త్‌డే' అన్నారు. మా బావగారు మాత్రం ఒకే ఒక్క మాట టైపు చేశారు: 'ట్రెయిటర్'.

బావగారు రెవెన్యూలో 30 ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఊరికే నోరు పారేసుకునే మనిషి కాదు. పారేసుకున్నా రిజిస్టర్లో ఎక్కించి మరీ పారేసుకుంటారు. కాబట్టి గ్రూపు అడ్మిన్ హోదాలో ఈ అభియోగం మీద విచారణ జరపాల్సిన బాధ్యత నా నెత్తిన పడింది. ఆయన తెలుగులో 'ద్రోహి' అని ఉంటే పని సులువుగా తేలిపోయేది. మన ద్రోహానికి మూలం సంస్కృతంలోని 'ద్రుహ్', అంటే కీడు తలపెట్టడం. వాడు ఎవరికీ ఏ కీడూ తలపెట్టలేదు, మధ్యాహ్నం భోజనాల లోపే కేసు కొట్టేసేవాణ్ని. ఇంగ్లీషులో అనడంతో వ్యవహారం లాటిన్ దాకా పోయింది.

పోయిన మొదటి రోజే బావగారి పక్షం బలపడింది. ట్రెయిటర్, ట్రీజన్, బిట్రే అనే మూడు మాటలూ 'త్రాదెరె' అనే లాటిన్ క్రియ సంతానం. దానికి అర్థం మోసం కాదు, కుట్ర కాదు, వెన్నుపోటు అంతకన్నా కాదు. అప్పగించడం. ఈ చేతిలోది ఆ చేతిలో పెట్టడం, అంతే. మరి మనవాడు కొత్త పౌరసత్వం చేతికి రాగానే ఏం చేశాడు? భారత చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కదా, నీలం పాస్‌పోర్టు పట్టుకెళ్లి మన హైకమిషన్ వారికి అప్పగించాడు. (తర్వాత తెచ్చుకున్నదీ నీలమే.) ధాతువు ప్రకారం అడ్డంగా దొరికిపోయాడు.

అయితే అదే క్రియకి ఇంకో బిడ్డ కూడా ఉంది: ట్రెడిషన్. తాత తండ్రికీ, తండ్రి కొడుక్కీ అప్పగించేది. ఫ్రెంచివాళ్ల నోట్లో పడి నలిగొచ్చినవాడు ట్రీజన్, చదువుకున్నవాళ్ల పుస్తకాల్లోంచి ఇస్త్రీ మడత నలక్కుండా దిగినవాడు ట్రెడిషన్. ఒకే కడుపున పుట్టి ఒకడు ఉరికంబం ఎక్కాడు, ఇంకొకడు పెళ్లిపీటల పక్కన పెద్దమనిషై కూర్చున్నాడు. మన 'సంప్రదాయం' కడుపులో ఉన్నదీ 'దా' ధాతువే, ఇవ్వడమే. ఆ లాటిన్ క్రియ తోకలో ఉన్న 'ఇచ్చుట'కి ఇది దూరపు జ్ఞాతి. కాకపోతే మనం అప్పగింతలప్పుడు సన్నాయి ఊదించి కాసేపు ఏడుస్తాం, ఎవరినీ ఉరి తీయం.

ఈ అప్పగింత మీద పెద్ద రభస రోమన్ల కాలంలోనే అయింది. 303లో డయొక్లీషియన్ చక్రవర్తి, క్రైస్తవులు తమ గ్రంథాలు తెచ్చివ్వాలి, తగలబెట్టిస్తానన్నాడు. భయపడి ఇచ్చేసిన గురువులకు 'త్రాదితోర్', అంటే అప్పగించినవాడు, అని పేరు పడింది. ఉత్తరాఫ్రికాలోని కార్తేజ్ నగర బిషప్ మెన్సూరియస్ మాత్రం అసలు గ్రంథాలు దాచేసి, తమవాళ్లు వెలివేసిన పాషండుల పుస్తకాలు అంటగట్టానని చెప్పుకున్నాడు. ఈ ఘట్టం చదివి వినిపిస్తే బావగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆడిట్‌వాళ్లకు ఏ ఫైలు ఇవ్వాలో, ఏది బీరువా వెనక్కి జారిపోవాలో ఎరిగిన మనిషి. ఆయనకు ఆ బిషప్పు మీద గౌరవం కలిగింది. అయినా నమ్మనివాళ్లు నమ్మలేదు. ఎవరు అప్పగించారు, ఎవరు అప్పగించలేదు అన్న తగువు మీద ఉత్తరాఫ్రికా చర్చి రెండుగా చీలి, వందేళ్లు దాటినా అతుక్కోలేదు.

ఇంగ్లండు చేరాక మాటకి పళ్లు వచ్చాయి. మొదట్లో అక్కడ ట్రీజన్‌కి గట్టు లేదు, హద్దు రాయి లేదు. ద్రోహి అని తేలితే వాడి భూములు రాజుగారి ఖాతాలో పడేవి, అందుచేత రాజుగారికి ద్రోహులు తరచుగా కనపడేవారు. భూములున్నవాళ్లంతా గోల పెడితే 1351లో మూడో ఎడ్వర్డ్ ఏది ట్రీజనో, ఏది కాదో శాసనం చేశాడు. అది చదివితే రాజ్యం గొడవ తక్కువ, ఇంటి గొడవ ఎక్కువ. రాజుగారి చావును 'ఊహించడం' ట్రీజన్. రాణిగారిని చెరచడం ట్రీజన్, పెద్దకోడలినైనా అంతే. కూతుళ్ల దగ్గరికొచ్చేసరికి పెద్దమ్మాయి ఒక్కతే, అదీ పెళ్లి కాకపోతేనే. రెండో అమ్మాయి విషయంలో రాజ్యానికి ముప్పేమీ లేదని పెద్దలు తేల్చినట్టున్నారు. దొంగనాణేలు కొట్టడాన్ని కూడా ఇదే పద్దులో వేశారు.

దీనికింద చిల్లర ద్రోహమూ ఒకటుంది. నౌకరు యజమానిని చంపినా, భార్య మొగుణ్ని చంపినా 'పెటీ ట్రీజన్'. మొగుడే భార్యను చంపితే మామూలు హత్య. ఈ తేడా 1828 దాకా చట్టంలో భద్రంగా ఉంది. ఈ నేరాల్లో ఆడవాళ్లకు శిక్ష కాల్చడం. 1789లో దొంగనాణేల కేసులో కేథరిన్ మర్ఫీ అనే ఆవిడ అలా పోయిన చివరి మనిషి. ముందు ఉరేసి, ప్రాణం పోయాక అంటించారు. ఆ కాలానికి దాన్ని దయ అనేవారు. అదే కేసులో భర్తను ఉరితో సరిపెట్టారు.

ఇక 1649లో ఏకంగా మొదటి చార్లెస్ రాజునే ద్రోహి అని తల తీశారు. 'రాజు రాజద్రోహం చేసెను' అని తెలుగులో రాయడానికి కలం మొరాయిస్తుంది గానీ, వాళ్లకు ఆ ఇబ్బంది రాలేదు. 12 ఏళ్లకు కొడుకు గద్దె మీద ఉన్నాడు. తండ్రి తల తీయించినవాళ్లలో ముఖ్యుడు, అప్పటికే చచ్చి సమాధిలో ఉన్న క్రామ్‌వెల్‌ను బయటికి తీసి, రాజు చచ్చిన తారీకు జనవరి 30నే ఉరేశారు. శవం క్షమాపణ చెప్పుకున్నట్టు దాఖలా లేదు.

నా విచారణలో బావగారిని కదిలించింది మాత్రం ఇవేవీ కావు, 1858 నాటి ఎర్రకోట కేసు. చివరి మొగలు పాదుషా బహదూర్‌షా జఫర్ తాత షా ఆలం 1765లో ఇచ్చిన దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, పట్టుకుని ఈస్టిండియా కంపెనీవాళ్లు బెంగాల్లో శిస్తు వసూలు చేసుకున్నారు. 1835 దాకా వాళ్ల రూపాయల మీద మొగలు పాదుషా పేరే ఉండేది. అలాంటి కంపెనీ, ఆ పాదుషా ఇంట్లోనే ఆయన్ను నిలబెట్టి, మా మీద ద్రోహం చేశావంది. "అంటే కౌలుదారు వచ్చి పట్టాదారు మీద ఆక్రమణ కేసు పెట్టాడన్నమాట" అన్నారు బావగారు, చాలాకాలం తర్వాత వృత్తిపరమైన ఉత్సాహంతో. అభియోగపత్రంలో జఫర్‌ను ఏమన్నారో కూడా చదివాను: 'బ్రిటిష్ ప్రభుత్వ పెన్షనరు అయ్యుండి...' పెన్షనరు అన్న మాట వినగానే బావగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారా లేదా అని అక్కయ్యను కేకేశారు.

మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రిక రాతలకు జైలుకెళ్లింది ట్రీజన్ మీద కాదు, దాని చెల్లెలు సెడిషన్ మీద. చంపాలనుకోవడం వేరు, తిట్టడం వేరు అని ఇంగ్లీషువాడికైనా తెలుసు. తెలుగులో రెంటికీ రాజద్రోహమే. రాజు ఓడెక్కి వెళ్లిపోయాక కూడా మాటను అలాగే ఉంచుకున్నాం, ఎవరైనా మళ్లీ రాజవుతారేమోనని కావచ్చు.

మనవాడి కేసుకు దగ్గరి పోలికలు రెండున్నాయి. ఒకటి రోజర్ కేస్‌మెంట్, ఐర్లండ్‌లో పుట్టిన బ్రిటిష్ దౌత్యోద్యోగి. ఆఫ్రికాలోని కాంగోలో, అమెజాన్ అడవుల పుటుమాయోలో రబ్బరు కూలీల మీద జరిగిన ఘోరాలు బయటపెట్టినందుకు 1911లో సర్ బిరుదిచ్చారు. తర్వాత బ్రిటన్ నుంచి ఐర్లండ్ విడుదల కోసం, బ్రిటన్‌తో యుద్ధంలో ఉన్న జర్మనీ సాయం కోరాడు. చేసిందంతా జర్మనీలో, ఆ 1351 శాసనం చెప్పేది రాజ్యం లోపల చేసినదాని గురించి కదా అన్నాడు లాయరు. 565 ఏళ్ల నాటి వాక్యం, ఇంగ్లండు శాసనమే అయినా రాసింది ఫ్రెంచిలో, విరామం ఎక్కడో తెలియదు. జడ్జీలు వెళ్లి మూలప్రతి తోలుకాగితం తిరగేసి, విరామం తమకు కావలసిన చోటే ఉందని తేల్చారు. 1916 ఆగస్టు 3న ఉరి. కామా మీద ఉరితీశారని ఇప్పటికీ అంటారు. 1965లో ఆయన ఎముకలు డబ్లిన్‌కు అప్పగిస్తే (ఇదీ అప్పగింతే) అక్కడ ప్రభుత్వ లాంఛనాలతో ఊరేగించారు.

రెండోవాడు విలియం జాయిస్. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ రేడియోలో కూర్చుని బ్రిటన్‌ను వెటకారం చేసినవాడు. తీరా చూస్తే పుట్టింది న్యూయార్క్‌లో, అమెరికా పౌరుడు. పరాయివాడు ద్రోహం ఎలా చేస్తాడు? అయితే ఐర్లండ్ బ్రిటన్ కింద ఉన్నప్పుడు అక్కడి గాల్వేలో పుట్టానని అబద్ధమాడి బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఆ పుస్తకం చెల్లినన్నాళ్లూ రాజుగారి రక్షణ ఉన్నట్టే, రక్షణ ఉన్నన్నాళ్లూ విధేయత బాకీ ఉన్నట్టే అన్నారు. గడువు 1940 జులై 2తో తీరింది. అప్పటిదాకా ఆడిన మాటలకే 1946 జనవరిలో ఉరి పడింది.

ఇదంతా ఫోన్లో చెప్పి మనవాణ్ని హెచ్చరించాను. ఆ 1351 శాసనం చాలావరకు ఇంకా అమల్లోనే ఉంది, ఊహలు జాగ్రత్త నాయనా అన్నాను.

"ఊహించను బాబాయ్. మరి ఆ పెద్దమ్మాయి సెక్షన్?"

"రాజుగారికి ఆడపిల్లలు లేర్రా. ఇద్దరూ మగపిల్లలే."

"అమ్మయ్య" అన్నాడు. వాడి భార్య పక్కనే ఉన్నట్టుంది, ఫోన్ కట్టయింది.

రాత్రి బావగారికి నివేదిక పంపాను. అరగంట 'టైపింగ్' అని కనపడింది. చివరికి ఒక ప్రశ్న వచ్చింది: "పాస్‌పోర్టు అప్పగించాడు సరే, రసీదు తీసుకున్నాడా?"

సరెండర్ సర్టిఫికెట్ అని ఇచ్చారట, తీసుకున్నాడు బావగారూ అన్నాను.

పైన ఉన్న 'ట్రెయిటర్' చెరిగిపోయింది. దాని కింద కొత్త మెసేజీ: "జిరాక్సు గ్రూపులో పెట్టమను."