నిప్పుల కడ్డీకి అనుమతి ఇచ్చిందెవరు?

సూపర్ మారియో వీడియో గేమ్ కోటల్లో గిరగిరా తిరిగే నిప్పుల కడ్డీ మీద ఇంతవరకూ ఒక్క విచారణ కమిటీ కూడా వెయ్యలేదు. 1985లో ఆ ఆట చేసిన జపాన్ కంపెనీ నింటెండో వాళ్లు మొదటి లోకం కోటలోనే దాన్ని బిగించారు. ఒక దిమ్మ, దానికి వరుసగా గుచ్చిన నిప్పుముద్దలు. నూనె ఎవరు పోస్తున్నారో, ఖర్చు ఏ పద్దులో రాస్తున్నారో ఆ కోటల్ని ఏలే విలన్ బౌజర్ సర్కారు శ్వేతపత్రం విడుదల చెయ్యలేదు.

ఆ ఆటలో గూంబాలనే బుల్లి శత్రువులను తొక్కొచ్చు. తాబేళ్లను తన్నొచ్చు. నిప్పు పువ్వు దొరికితే బౌజర్ అంతటివాణ్ణి కూడా పడగొట్టొచ్చు. కడ్డీకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. పైగా దానికి మన మీద పగ కూడా లేదు, కనీసం మనవైపు చూడదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

విజయనగరం గంటస్తంభం దగ్గర అలాంటిదొకటి పెడితే? మొదటిరోజు జనం ఆగుతారు. రెండోరోజుకి ఆటోవాళ్లకి టైమింగ్ దొరికిపోతుంది. "ఏటలా సూస్తన్నావు బాబూ, పైకెళ్లింది కదా, ఎళ్లిపో!" అని వెనక నుంచి హారన్. మూడోరోజు ఒకావిడ పక్కనే మొక్కజొన్న పొత్తుల బుట్ట దించుతుంది. కడ్డీ కిందికి వచ్చినప్పుడల్లా పొత్తు అటు తిప్పి, ఇటు తిప్పి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది చేతిలో పెడుతుంది. బొగ్గుల ఖర్చు లేదు. అది చూసి ఓర్వలేక బజ్జీల బండి. ఆ పైన ఫ్లెక్సీ కడతారు, కాలిపోతుంది, మళ్లీ కడతారు. వారం నుంచి తిరుగుతున్నదానికి ఎవరో నాయకుడొచ్చి ప్రారంభోత్సవం చేస్తాడు, కొబ్బరికాయ కొట్టేలోపు కండువా అంటుకుంటుంది. "మా పైడితల్లమ్మ జాతర సిరిమానే గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగి ఆగుతాది, దీనికి అలుపే లేదేటి?" అని పెద్దవాళ్లు ముక్కున వేలేసుకుంటారు.

వెటకారం అలా ఉంచండి. మా ఊళ్లో వీడియో గేమ్ షాపులో గంటకింత అని కట్టి ఆడిన రోజులున్నాయి. క్యాసెట్ ఊది పెడితేగానీ బొమ్మ వచ్చేది కాదు. రిమోట్ బటన్ అరిగిపోయి, గట్టిగా నొక్కితేనే మారియో ఎగిరేవాడు. కోటలో కడ్డీ తగిలి చస్తే సగం నుంచి కాదు, మళ్లీ గుమ్మం నుంచే. సేవ్ లేదు. కరెంటు పోతే మొదటి లోకమే, షాపువాడు పైసా తిరిగివ్వడు. ఇంతా చేసి కోట దాటితే పుట్టగొడుగు తలవాడు నిలబడి, నువ్వు విడిపించాల్సిన యువరాణి ఇక్కడ లేదు, వేరే కోటలో ఉంది అంటాడు. ఒకసారి కాదు, ఏడు కోటల్లో! ఆ ముక్కేదో గుమ్మం దగ్గరే బోర్డు పెట్టి ఏడవొచ్చు కదా? అమ్మ కొత్తిమీరకిచ్చిన చిల్లర పట్టుకొచ్చిన గుంటడితో ఆడుకుంటార్రా? సిగ్గుండాలి.

2015లో సూపర్ మారియో మేకర్ అని ఇంకోటి వచ్చింది. కోట మీరే కట్టుకోండి, కడ్డీ ఎంత పొడుగుండాలో, ఎటు తిరగాలో మీరే పెట్టుకోండి అని జనం చేతికే ఇచ్చేశారు. ఇన్నేళ్లు కాలిన జనం కదా, కడ్డీని ఊడబీకి అవతల పారేస్తారనుకున్నాను. ఎదురెదురుగా తిరిగేట్టు వరసగా బిగించి, ఆడండి అంటూ లోకం మీదికి వదిలారు. మా మేనల్లుడైతే గుమ్మంలోనే రెండు పెట్టాడు. "మావయ్యా, ఓసారి ఆడి సూడు" అంటున్నాడు. మీసం కూడా రాలేదు, అప్పుడే కాంట్రాక్టు దక్కిన మొహం.