దుప్పటి కొంచెం పైకెత్తండి మామ్మగారూ

సేవ అంటే ఏదో తేలికైన పని అనుకునేవాళ్ళ మీద నాకు కోపం లేదు, జాలి ఉంది, ఎందుకంటే వాళ్ళెవరూ మా క్లబ్బు డిసెంబర్ మీటింగులో కూర్చోలేదు. ఇయర్ ఎండింగ్ సేవా కార్యక్రమం కోసం ఈసారి నాలుగు మీటింగులు పెట్టుకున్నాం, అందులో మూడున్నర బ్యానర్‌కే సరిపోయాయి. మాజీ ప్రెసిడెంట్ల ఫోటోలు ఇప్పటి ప్రెసిడెంట్ గారి ఫోటో కంటే చిన్నగా ఉండాలా సమానంగా ఉండాలా, వచ్చే ఏడాది ప్రెసిడెంట్ అవుదామని చూస్తున్న పెద్దమనిషి ఫోటో ఇప్పుడే వేసేస్తే అది తొందరపాటా దూరదృష్టా, ఇవన్నీ తేలేసరికి ఇద్దరు మెంబర్లకి మాటల్లేవు. ఇక ఎవరికి సేవ చెయ్యాలి అన్న చిన్న విషయం మిగిలింది, దాన్ని సెక్రటరీ గారు "ఎప్పుడూ వెళ్ళే వృద్ధాశ్రమమే కదండీ" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

అయితే అక్కడే ఒక చిక్కొచ్చి పడింది. ఆశ్రమం మేనేజర్ ఫోన్ చేసి, దుప్పట్లు వద్దండీ, ఈ నెలలో మీకంటే ముందే ఐదు బ్యాచ్‌లు ఇచ్చి వెళ్ళాయి, పెట్టడానికి బీరువాలో చోటు లేదు, వీలైతే బాత్రూమ్ గోడకి పట్టుకోడానికి ఒక స్టీల్ రాడ్ బిగించండి, పెద్దవాళ్ళు జారి పడుతున్నారు అన్నాడట. చూశారా, అడిగేవాళ్ళకి ఇచ్చేవాళ్ళ కష్టం తెలీదు. దుప్పటంటే పట్టుకుని నిలబడొచ్చు, రంగు ఉంటుంది, మడత విప్పితే ఫ్రేమ్ నిండుగా ఉంటుంది. బాత్రూమ్‌లో రాడ్ దగ్గర ఇరవై రెండు మంది కార్యవర్గ సభ్యులు ఎలా పడతారు, బ్యానర్ ఎక్కడ కడతారు, చీఫ్ గెస్ట్ గారిని ఎక్కడ నిలబెడతారు? అందుకని దుప్పట్లే అని ఏకగ్రీవంగా తీర్మానించాం.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే మా క్లబ్బులో ఒక కుర్ర మెంబర్ ఉన్నాడు, అతను చదువుతాడు (ఇది కొత్త మెంబర్లలో ఎక్కువగా కనిపించే లోపం). అతను లేచి, రోటరీ క్లబ్బు 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి పెట్టాడు, ఒక్కోసారి ఒక్కొక్కరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవాళ్ళు కాబట్టి ఆ పేరొచ్చింది, వాళ్ళు 1907లో తలకెత్తుకున్న మొట్టమొదటి ప్రజాసేవ ఏంటో తెలుసా, ఊళ్ళో పబ్లిక్ మరుగుదొడ్లు కట్టించే పని, కాబట్టి బాత్రూమ్ రాడ్ మన స్థాయికి తక్కువేం కాదు అన్నాడు. హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ట్రెజరర్ గారు నెమ్మదిగా "అప్పట్లో వాట్సాప్ లేదు బాబూ" అన్నారు. నిజమే కదా. చూసేవాళ్ళే లేనప్పుడు ఎవడైనా మరుగుదొడ్డి కట్టిస్తాడు, అందులో గొప్పేముంది.

కుర్రాడు ఊరుకోలేదు, 1925లో చూపూ వినికిడీ లేని అమెరికా రచయిత్రి హెలెన్ కెల్లర్ లయన్స్ క్లబ్బు వాళ్ళ సభకొచ్చి చూపులేని వాళ్ళ కోసం పనిచెయ్యమని అడిగితే వాళ్ళు ఆ మాట పట్టుకుని ఇప్పటికీ కళ్ళ మీద పని చేస్తూనే ఉన్నారు, మనల్ని అడిగింది ఒక్క రాడ్ అని మళ్ళీ మొదలెట్టాడు. అప్పుడు మా టెయిల్ ట్విస్టర్ గారు జరిమానా వేశారు. ఇది తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, లయన్స్ క్లబ్బుల్లో నిజంగానే ఈ పేరుతో ఒక పదవి ఉంటుంది, జోకులేస్తూ, చిన్న చిన్న జరిమానాలు వేస్తూ మీటింగు నిద్రపోకుండా చూడటం ఆయన పని. మాది ఆ క్లబ్బు కాదు గానీ మంచి ఎక్కడున్నా తెచ్చుకోవాలి కదా అని ఆ ఒక్కటీ తెచ్చుకున్నాం.

సరే, కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగింది. మొదటి దుప్పటి తీసుకున్నది ఒక మామ్మగారు. ఆ ఒక్క దుప్పటి అంచులు పదకొండు చేతులు పట్టుకున్నాయి, నేను లెక్కపెట్టా, అందులో నాది ఒకటి, మామ్మగారివి రెండు. కెమెరా అబ్బాయి "కళ్ళు మూసుకున్నారు సార్, మళ్ళీ ఇవ్వండి" అన్నాడు, ఇచ్చిన దుప్పటి వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చాం. "బ్యానర్ కట్ అయింది సార్" అన్నాడు, మళ్ళీ ఇచ్చాం. "మామ్మగారూ, దుప్పటి కొంచెం పైకెత్తండి, దించండి, నవ్వండి." నాలుగోసారికి ఆవిడే మా ప్రెసిడెంట్ గారి మోచెయ్యి పట్టుకుని "బాబూ, మీరు కిటికీకి వీపు పెట్టి నిలబడితే మొహం నల్లగా పడుతుంది, ఇటు రండి, పొద్దున్న బ్యాచ్ వాళ్ళకీ ఇదే చెప్పాను" అంది. ఆవిడ అనుభవం ముందు మా కెమెరా అబ్బాయి ఎంత.

సేవ నలభై నిమిషాలు, ఆ సాయంత్రం ఫెలోషిప్ డిన్నర్ నాలుగు గంటలు. సేవ చేసి అలిసిపోయినవాళ్ళని సన్మానించాలి కదా, అందరం ఒకళ్ళకొకళ్ళం శాలువాలు కప్పుకున్నాం. రిపోర్టులో 'వందలాది మంది లబ్ధిదారులు' అని రాశాం. రోటరీ వాళ్ళకి నాలుగు ప్రశ్నల పరీక్ష అని ఒకటుంది, ఏం మాట్లాడినా చేసినా తమకు తాము వేసుకోవాల్సిన ప్రశ్నలు, మొదటిది 'ఇది నిజమేనా?'. అదృష్టం కొద్దీ అది మేము తెచ్చుకోలేదు.

జనవరిలో తెలిసింది, ఆ కుర్రాడు ఎవరికీ చెప్పకుండా ఒక మంగళవారం డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకెళ్ళి ఆ రాడ్ బిగించేసి వచ్చాడట. బ్యాడ్జి లేదు, బ్యానర్ లేదు, ఫోటో లేదు, కనీసం సెల్ఫీ కూడా లేదు. దీన్ని సేవ అనాలా రిపేరు అనాలా అన్నదాని మీద అత్యవసర మీటింగు జరిగింది, చివరికి పెద్దమనసుతో ఆ రాడ్‌ని క్లబ్బు తరఫున మళ్ళీ ప్రారంభించాలని తీర్మానించాం.

ఆదివారం అందరం వెళ్ళాం. బాత్రూమ్ గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టాం, బ్యానర్ కారిడార్‌లో ఎలాగో పట్టించాం. చీఫ్ గెస్ట్ గారు ట్రాఫిక్‌లో ఉన్నారు, పది నిమిషాలన్నారు, అరగంటయింది. రిబ్బన్ ఇవతల మామ్మగారు గోడ పట్టుకుని నిలబడి, ఒకసారి బ్యానర్ వంక, ఒకసారి తలుపు వంక చూసి "బాబూ, కత్తెర మీ దగ్గరే ఉందిగా, నేను కట్ చేస్తే పనికిరాదా?" అంది.