నా డైరీ ఎవరికి ప్రచురించాలి?

రాత్రి నాలుగు ముక్కలు రాసుకుని పడుకుందామనుకున్నా. అదీ నేరమే అయింది!

కొత్త సంవత్సరం డైరీలు సంక్రాంతి దాటేసరికి అటకెక్కుతున్నాయి కదా, ఏదో బ్లాగు సాఫ్ట్‌వేర్‌ని లాప్‌టాప్‌లో ఎక్కించి రోజూ అందులో రాద్దామని బుద్ధి పుట్టింది. ఓరోజు తెల్లారి 5 గంటలకే లేచి రాస్తే నిన్నటి తేదీ వేసింది. ఏమిటా అని చూస్తే, దాని గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మనకంటే ఐదున్నర గంటలు వెనక. అంటే 5:30 లోపు లేచినవాడికి ఇంకా నిన్నే నడుస్తోందన్నమాట! పాలవాడు వచ్చి వెళ్ళాడు, దీనికింకా తెల్లారలేదు.

సరే, అది మార్చా. రాసింది దాచమంటే 'ప్రచురించు' అంటుంది. ఎవరికి? నా మోకాలి నొప్పి లోకానికి చాటనా? 'ప్రైవేటు' అన్న మాట ఎక్కడో మెనూ మూల నక్కి ఉంది. రోజూ వెతికి నొక్కాలి. మర్చిపోయామో, అంతే సంగతులు. శీర్షిక ఏదీ అంటుంది. మంగళవారానికి శీర్షికేంటి నా మొహం, మంగళవారమే! పోనీ తెలుగులో పెట్టానా, ఆ శీర్షికతో అది తయారుచేసిన లింకులో ఒక్క 'క' కాస్తా తొమ్మిది గుర్తులైంది. శాతం గుర్తుల పుట్ట!

పైగా కొత్తది పైన, పాతది కింద. డైరీని వెనక నుంచి చదువుతారా ఎవరైనా? ఆ వరసని తిరగేయడానికి ఆదివారమంతా పోయింది. ఆ రోజు ఏం రాశానో తెలుసా?

"ఈ రోజు డైరీ బాగుచేశాను."

దాని కింద షేర్ బటన్లు!