సీసా ఎత్తెంతండీ?

వైన్ రుచి గురించి మాట్లాడటం మనవాళ్లు మానేశారు. ఇప్పుడంతా ఎత్తే, అంటే ద్రాక్షతోట సముద్రమట్టానికి ఎంత పైన ఉందన్నదే. మొన్న ఓ గృహప్రవేశం పార్టీలో ఒక పెద్దమనిషి డ్యూటీ ఫ్రీ సంచీలోంచి ఎర్ర వైన్ సీసా తీసి, బారసాల నాటి బిడ్డలా రెండు చేతులా పట్టుకుని, "రెండు వేల ఆరొందల మీటర్లండీ" అన్నారు. ద్రాక్ష ఏ రకమో చెప్పలేదు, అడిగినవాళ్లూ లేరు.

సరుకు చైనాలోని యునాన్‌ది. పేరు ఆవో యున్. మెకాంగ్ నది ఎగువన, హిమాలయాల అంచున, టిబెటన్ ఊళ్లలో పండే కాబెర్నే సావిన్యోన్ అనే ద్రాక్షే దీనికి ముఖ్యం. లూయీ విట్టాన్ సంచులమ్మే కుటుంబానిదే ఈ వైనూ. తొలి పంట 2013ది, సీసా సుమారు 300 డాలర్లకు బజారుకొచ్చింది. ఆ ప్రాంతంలోని ఊరికి షాంగ్రిలా అని పేరు. ఒక ఇంగ్లిష్ నవలాకారుడు 1933లో ఊహించిన ఊరి పేరది. టూరిస్టుల కోసం 2001లో సర్కారువారే ఆ పేరు తగిలించారు. ఊరి పేరే కల్పితమయ్యాక ధర మాత్రం ఎందుకు నిజంగా ఉండాలి?

సరే, పార్టీకి వద్దాం. గ్లాసులో వేలెడు పోసి, గిరగిరా తిప్పి, ముక్కు లోపల పెట్టి, "కొండగాలి తెలుస్తోందా?" అన్నారాయన. తెలుస్తోందన్నాం. నెత్తి మీద ఏసీ పద్దెనిమిదిలో ఉంది మరి. డల్లాస్ అల్లుడుగారికి మంచు కూడా తెలిసింది. అంతలో మూలనున్న ఒకాయన చల్లగా, "అర్జెంటీనాలో కొలోమె అనే వైన్ కంపెనీ వాళ్ల తోట 3,111 మీటర్లండి" అన్నాడు. గది నిశ్శబ్దమైపోయింది. ఇంకొకడు ఫోన్ తీసి, "టిబెట్‌లో 3,563 ఉంది, గిన్నిస్ రికార్డు" అని చదివాడు. మన పెద్దమనిషి నిలబడ్డ చోటే 963 మీటర్లు జారిపోయారు. చేతిలో గ్లాసు అదే, వైనూ అదే. మరి తాగబుద్ధి ఎందుకు కాలేదో పాపం!

ఇక్కడో చిన్న సంగతి. విమానంలో మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి దాదాపు 2,400 మీటర్ల కొండ మీద ఉండేంత. అక్కడ ముక్కెండిపోయి, నాలుక మొద్దుబారి, తిండి చప్పగా ఉంటుంది. అంటే ఈ వైన్ పుట్టిన ఎత్తుకెళ్లి తాగితే దాని రుచి మనకు సరిగ్గా అందకపోవచ్చన్నమాట.

ఎత్తు ఉత్త బూటకమని అనను. పైన అతినీలలోహిత కిరణాలు ఎక్కువ, దానికి ద్రాక్ష తొక్క మందమై రంగూ వగరూ పెరుగుతాయి. రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. ఒప్పుకున్నాం. కానీ ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరుమోసిన బోర్డోలో మెడాక్ తోటలన్నీ సముద్రమట్టానికి యాభై మీటర్ల లోపే. అక్కడి ఖరీదైన వైన్ షాతో లాఫీట్ పాపం పల్లంలో పుట్టింది, దాన్ని మనవాళ్లు ఇక బావినీళ్లతో సమానంగా చూడాలి.

నాకు ఒళ్లు మండేది ఇంకోచోట. ఈ తోటల్ని కంపెనీ నిపుణుడు ఏళ్ల తరబడి గాలించి "కనుక్కున్నాడట". ఏం కనుక్కున్నాడు? ఆయన వచ్చేసరికే అదోంగ్, షీదాంగ్ లాంటి ఊళ్లలో రైతులు ఆ తీగలు నాటి, పెంచి, గుత్తులు కోస్తున్నారు. ఇంట్లో వాళ్లు కూర్చుని ఉండగా ఇల్లు కనుక్కోవడం ఏ ఊరి మర్యాద? ఆ మెట్ల పొలాలు ఎంత ఇరుకంటే యంత్రం దిగదు. తీగ కత్తిరించాలన్నా, కలుపు తీయాలన్నా, గుత్తి కోయాలన్నా మనిషి వంగాల్సిందే. ఊపిరాడని చోట నడుములు విరిగే ఆ చాకిరీకి బ్రోషర్లలో పెట్టిన పేరు "చేతిపని సొగసు". సొగసా? ఒక్క పూట వంగి చూడమనండి ఆ రాసినవాణ్ణి!

ఆ 300 డాలర్లలో గుత్తి కోసిన మనిషికి ఎంత ముట్టిందని అడిగినవాళ్లు పార్టీలో ఒక్కరూ లేరు. నేను అడిగితే పెద్దమనిషి సీసా తిప్పి లేబుల్ వెతికారు. మీటర్లు తప్ప ఇంకేమీ కనిపించలేదట.